నీలగిరి తైలం తాగే మందు కాదు

జలుబు చేస్తే నీలగిరి తైలం కోసం వెతకని ఇల్లు అరుదు. జామాయిల్ జాతి చెట్ల ఆకుల నుండి ఆవిరి ద్వారా తీసే ఈ తైలం, ఆకు నుండి వచ్చింది కనుక హాని చేయదని చాలామంది భావిస్తారు. ఆ భావనే ప్రమాదకరం. ఇందులో అధికభాగం సినియోల్ అనే పదార్థం. కడుపులోకి వెళితే అది త్వరగా రక్తంలో కలిసి మెదడును మందగింపజేస్తుంది. ఒక టీ చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు, పసివాణ్ణి స్పృహ తప్పించవచ్చు. నోటి మంట, వాంతి, మగత తరచుగా అరగంటలోపే మొదలవుతాయి. కొందరికి మూర్ఛ వస్తుంది.

బిడ్డ తాగినట్లు తెలిస్తే ఉప్పునీరు పట్టించి కక్కించాలని ఇంట్లో పెద్దలు తొందరపడతారు. అలా ఎంతమాత్రం చేయరాదు. పైకి వచ్చే తైలం ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా రావచ్చు. వెంటనే 108కు ఫోన్ చేయాలి. సీసాను కూడా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. బిడ్డ హుషారుగా కనిపించినా సరే, ఆగరాదు. కొన్నిసార్లు లక్షణాలు ఆలస్యంగా బయటపడతాయి.

మన ఇళ్లలో మరొక అలవాటుంది. ఖాళీ అయిన అత్తరు సీసాలోనో, దగ్గుమందు సీసాలోనో ఈ తైలాన్ని పోసి ఉంచుతాం. అర్ధరాత్రి బిడ్డ దగ్గుతుంటే నిద్రకళ్లతో లేచిన తల్లికి ఆ సీసాలో ఉన్నది ఏదో ఎలా తెలుస్తుంది? కొన్న సీసాలోనే, దాని చీటీతోనే, తాళం వేసిన అలమరలో ఉంచండి.

రెండేళ్లలోపు పిల్లల ముఖానికి, ముక్కు దగ్గర దీన్ని రాయకండి; శ్వాస ఇబ్బంది కలగవచ్చు. పెద్దలైనా కొబ్బరినూనెలో కొద్ది చుక్కలు కలిపి రాసుకోవడమే మేలు.