కారు పెనుకొండది, పన్ను ఎవరికి?

పగిడ్యాల మండలంలో ఇప్పుడు ఏ ఊరికి పోయినా ఒకటో రెండో ఇండ్ల ముందర చిన్న డీజిల్ ఎస్‌యూవీ నిలబడి ఉంటుంది. మిరప కలిసొచ్చిన రైతు కొన్నది ఒకటి, టీచరు జీతం మీద కంతులు కడుతున్నది ఒకటి, బెంగుళూరులో ఉద్యోగం చేసే కొడుకు నాయనకు కొనిచ్చింది ఇంకొకటి. నాలుగు మీటర్లకు మించని పొడుగు, పదిహేను వందల సీసీకి మించని ఇంజను. ఏం కారప్పా అంటే కంపెనీ పేరు తర్వాత, ముందు వచ్చే మాట ఒకటే: "మన పెనుకొండ కారేన్నా!"

ఆ మాటలో గర్వం ఉంది. తప్పు లేదు. అయితే ఇదే కారును చూపించి మన ఉద్యమాన్ని ఎగతాళి చేసేవాళ్లు బయల్దేరారు. సీమలో పుట్టిన కారెక్కి తిరుగుతూ సీమకు రాష్ట్రం కావాలంటారేం, ఇంకేం తక్కువయింది మీకు అని అడుగుతున్నారు. ఉద్యోగ సంఘాల సమావేశాల్లో, కాలేజీ క్యాంటీన్లలో ఈ ప్రశ్నకు మనవాళ్లు తడబడుతున్నారు. తడబడాల్సిన పని లేదు. బిల్లు తీసి ముందర పెడితే చాలు.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుందాం. 2017లో ఒప్పందం చేసుకున్న కియా, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 536 ఎకరాల్లో ఫ్యాక్టరీ కట్టింది. ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యం. 2019 ఆగస్టులో సెల్టోస్, 2020 సెప్టెంబరులో నాలుగు మీటర్లలోపు సోనెట్ మార్కెట్లోకి వచ్చాయి. సీమ అంటే సినిమావాళ్లకు గాల్లోకి లేచే సుమోలే. 1999లో సమరసింహారెడ్డి వచ్చినప్పటి నుంచి మన పిల్లలు పక్క జిల్లాల హాస్టళ్లలో ఈ వెటకారం మోస్తూనే ఉన్నారు. బండ్లు పేల్చే గడ్డ అని చూపించిన చోటే బండ్లు తయారవుతున్నాయంటే ఎవరికి సంతోషం ఉండదు? ఆ ఫ్యాక్టరీ గేటు ముందర నిలబడి నినాదాలు ఇవ్వాలని ఎవరైనా అంటే ఈ వ్యాసకర్త ఆ ఊరేగింపులో ఉండడు.

కానీ ఆ కారుకు నీళ్లు ఎక్కడివి? పగిడ్యాల వాళ్లకు తెలియాల్సిన సంగతి ఇది. ఎర్రమంచి ఫ్యాక్టరీకి నీళ్లు గొల్లపల్లి రిజర్వాయరు నుంచి. గొల్లపల్లికి హంద్రీ-నీవా కాలువ నుంచి. హంద్రీ-నీవాకు శ్రీశైలం వెనుక జలాల నుంచి, అంటే నందికొట్కూరు పక్కన మల్యాల, మన మండలంలోని ముచ్చుమర్రి ఎత్తిపోతల నుంచి. ముచ్చుమర్రిని 2017 జనవరి 2న ప్రారంభించారు. శ్రీశైలంలో మట్టం బాగా పడిపోయినప్పుడు కూడా తోడగలిగేలా కట్టిన పంపులవి. అవి ఎత్తిపోసే నీళ్లు కొన్ని కేసీ కాలువకు, కొన్ని హంద్రీ-నీవాకు. అంటే పెనుకొండలో బండి కడిగిన నీళ్లు ఇక్కడ మన ఒడ్డున ఎత్తినవే.

తాగనీ, ఫ్యాక్టరీ తాగితే మనకు కడుపుమంట లేదు. అడిగేది వేరు. హంద్రీ-నీవాకు నికర జల కేటాయింపు లేదు. వరద వస్తే పారాలి, రాకపోతే ఎండాలి. 2014 విభజన చట్టం పదకొండో షెడ్యూలులో ప్రాజెక్టు పేరు ఉంది, నీటికి హామీ లేదు. 2025లో మొదటి దశ కాలువను వెడల్పు చేశారు. మంచిదే. కాలువ వెడల్పయినంత మాత్రాన నీటిహక్కు పుట్టదు. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో కృష్ణ, తుంగభద్ర, పెన్నల నీళ్లలో సీమకు ముందు అవకాశమని రాసుకున్నవాళ్లే తర్వాత ఆ కాగితాన్ని అటకెక్కించారు. శ్రీశైలం ముంపులో 1981లో ఊళ్లు ఖాళీ చేసిన కుటుంబాలకు ఇంటికొక ఉద్యోగమని 1986లో 98 నంబరు జీవో ఇచ్చారు. ఆ జీవో పట్టుకుని తిరిగిన పిల్లలు ఆ ఉద్యోగం కోసం ఎదురుచూస్తూనే ముసలివాళ్లయ్యారు. వాళ్ల ఊళ్లను ముంచిన నీళ్లలోనే ముచ్చుమర్రి పంపులున్నాయి.

ఇక బిల్లు. లెక్క సులువుగా ఉండేందుకు పన్నులు లేకుండా ఎనిమిది లక్షల రూపాయల చిన్న డీజిల్ ఎస్‌యూవీ అనుకుందాం. ఇలాంటి బండి మీద 2025 సెప్టెంబరు 22కు ముందు 28 శాతం జీఎస్టీ, మూడు శాతం సెస్ ఉండేవి. ఆ రోజు నుంచి 18 శాతం. అంటే 1,44,000. అందులో సగం, 72,000, రాష్ట్రానికి. బిల్లు 9,44,000 అయింది. దాని మీద జీవితకాల పన్ను. 2021 చివర్లో సవరించిన చట్టం ప్రకారం ఐదు నుంచి పది లక్షల బండికి 14 శాతం. అంటే 1,32,160. ఈ రెండూ కలిపితే బండి ఇంటికి రాకముందే రాష్ట్ర ఖజానాకు రెండు లక్షల నాలుగు వేలు. పగిడ్యాల రైతు జేబులోంచి.

బండి ఇంటికి వచ్చాక డీజిల్. మన రాష్ట్రంలో డీజిల్ మీద 22.25 శాతం వ్యాట్, అదిగాక లీటరుకు నాలుగు రూపాయలు, దాని మీద రోడ్ల అభివృద్ధి సెస్ అని 2020 నుంచి ఇంకో రూపాయి. ఏడాదికి పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకు పద్దెనిమిది ఇచ్చినా ఆరున్నర వందల లీటర్లు దాటుతుంది. రాష్ట్రానికి పోయేది ఏడాదికి పది వేల పైమాటే. బళ్లారి వైపు పోయే లారీలు సరిహద్దు దాటాకే ట్యాంకు ఎందుకు నింపుకుంటాయో చెప్పక్కర్లేదు. ఆ సెస్ రూపాయి ఏ రోడ్డు మీద పడిందో, నందికొట్కూరు నుంచి పల్లెలకు పోయే దారుల్లో రెండో గేరులో బండి తోలేవాడికి తెలుసు.

ఇక్కడ మన ఉద్యమంలోనే తిరుగుతున్న ఒక తప్పు లెక్కను సరిచేయాలి. రాష్ట్రం వస్తే కియా పన్నంతా మనదే అని కొందరు వేదికల మీద చెబుతున్నారు. కాదు. జీఎస్టీ వస్తువు తయారైన చోటికి పోదు, అమ్ముడైన చోటికి పోతుంది. పెనుకొండ కారు పుణెలో అమ్మితే రాష్ట్రం వాటా మహారాష్ట్రకు. మనకు రాష్ట్రం వచ్చినా అంతే. ఫ్యాక్టరీని చూపించి లెక్కలు చెబితే రేపు ఒక కామర్సు విద్యార్థి లేచి మన నోరు మూయించగలడు. మన బలం ఫ్యాక్టరీలో లేదు, కొనుగోలులో ఉంది. పగిడ్యాలలో, ఆళ్లగడ్డలో, నంద్యాలలో, కదిరిలో, మదనపల్లెలో ఎన్ని బండ్లు కొన్నాం, ఎంత డీజిల్ పోయించాం అన్నదే మన ఖజానా. ఆ డబ్బు ఇప్పుడు అమరావతికి పోయి అక్కడ కలిసిపోతోంది. తిరిగి ఎంత వచ్చిందో విడిగా చూపించే లెక్క లేదు.

కొనబోయే వాళ్లకు ఒక మాట, ఇది రాజకీయం కాదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లలో పొగగొట్టం దారిలో మసిని పట్టే ఒక వడపోత ఉంటుంది. డీపీఎఫ్ అంటారు. పట్టిన మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడు హైవే మీద ఆగకుండా కొంతసేపు వేగంగా పోవాలి. రోజూ ఊరి నుంచి బడికి, బడి నుంచి ఊరికి నాలుగు కిలోమీటర్లు తోలితే ఆ మసి కాలదు, ముందర దీపం వెలుగుతుంది, సర్వీసుకు పరుగు. తక్కువ తిరిగే ఉద్యోగికి పెట్రోలు బండే మేలు. పక్కింటాయన కొన్నాడని కొనొద్దు. వారానికోసారి కర్నూలు దాటి జాతీయ రహదారి ఎక్కేవాళ్లకు, తోటల వ్యాపారం చేసేవాళ్లకు డీజిల్ గిట్టుతుంది. అన్నట్టు, 2022 ఏప్రిల్ 4న మనల్ని నంద్యాల జిల్లాలో కలిపి దగ్గరున్న కర్నూలును దూరం చేశారు కాబట్టి కలెక్టరాఫీసుకు పోయే వంకతోనైనా మసి కాలుతుంది!

నంబరు ప్లేటు గురించి కూడా కుర్రవాళ్లలో చర్చ నడుస్తోంది. ఒకప్పుడు ఏపీ 21 అంటే కర్నూలు, 02 అంటే అనంతపురం, 04 అంటే కడప. 2019లో రాష్ట్రమంతా ఒకే సిరీస్ అని ఏపీ 39 తగిలించారు. బండి చూస్తే ఏ ఊరిదో తెలిసే గుర్తు పోయింది. తెలంగాణ ఉద్యమంలో ప్లేట్ల మీద ఏపీ తుడిచి టీజీ రాసుకున్నారు. రాష్ట్రం వచ్చాక టీఎస్ అని పెట్టారు, 2024లో మళ్లీ టీజీకే వచ్చారు. మనమూ అలా స్టిక్కర్లు అంటిద్దామని ఉబలాటపడే తమ్ముళ్లకు చెప్పేదేమంటే, జరిమానా కట్టే డబ్బు దండగ. ఆ జరిమానా కూడా అమరావతికే.

చేయాల్సింది ఇంకొకటుంది. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. సీమలోని ప్రతి జిల్లా రవాణా కార్యాలయంలో ఏ ఏడాది ఎన్ని కార్లు రిజిస్టరు అయ్యాయి, జీవితకాల పన్ను ఎంత వసూలైంది అని అడగండి. వాణిజ్య పన్నుల శాఖను డీజిల్ మీద వ్యాట్, సెస్ జిల్లాలవారీగా అడగండి. రోడ్లు భవనాల శాఖను, ఆ సెస్‌లోంచి నందికొట్కూరు నియోజకవర్గం రోడ్ల మీద ఎంత ఖర్చు పెట్టారని అడగండి. సిద్ధేశ్వరం దగ్గర కృష్ణ మీద వెయ్యి కోట్లు దాటే ఖర్చుతో వంతెనకు 2022లో కేంద్రం అనుమతి ఇచ్చింది. 2016 మే 31న అదే సిద్ధేశ్వరంలో జనమే శంకుస్థాపన చేసిన అలుగు మాటేమిటి, వంతెన కిందనే అలుగు కట్టడానికి అడ్డమేమిటి అని జలవనరుల శాఖను అడగండి. కారు దాటడానికి దారి ఇచ్చేవాళ్లు నీళ్లు ఆపడానికి గోడ ఎందుకు ఇవ్వరో రాతపూర్వకంగా చెప్పమనండి.

జిల్లా కార్యాలయంలో దరఖాస్తు రుసుము పది రూపాయలు, మండలంలో ఐదు. జవాబుకు గడువు ముప్పై రోజులు. వచ్చిన జవాబుల నకళ్లు ఈ పత్రికకు పంపితే జిల్లాలవారీగా అచ్చేస్తాం.