గురి మన చేతిలోనే కలదు

కైవారమునకు పోయినవారెల్లరు అచటి స్థలపురాణమును వినియే యుందురు. లక్కయింటినుండి తప్పించుకొనిన పాండవులు తలదాచుకొనిన ఏకచక్రపురము ఇదియేనని చింతామణి ప్రాంతపువారి నమ్మకము. భారతకథలో పాండవులు ద్రౌపదీ స్వయంవరమునకు బయలుదేరినది ఏకచక్రపురము నుండియే. అనగా మత్స్యయంత్రమును కొట్టిన అర్జునుడు మన ఊరి దారినే నడచిపోయెనని చెప్పుకొనుటకు మనకు హక్కు కలదు. అట్టి సీమలో నేటి బాలబాలికలకు విల్లు పట్టు అవకాశమే అరుదగుట విచారకరము.

కారణమడిగినచో డబ్బు లేదందురు. ఈ మాటలో సగమే నిజము. వెదురువిండ్లతో జరుగు ఇండియన్ రౌండు పోటీలు మన దేశమున నేటికిని కలవు. జార్ఖండునకు చెందిన దీపికా కుమారి బాల్యమున వెదురువిల్లుతోనే అభ్యాసము చేసి, పిదప ఒలింపిక్ క్రీడలకు వెళ్లెను. విల్లు దొరకినను, గురిదిమ్మె వెల విని మనము వెనుకకు తగ్గుదుము. కొనువరకు వేచియుందమనుకొనుచుండగా ఏడాది గడచిపోవును. పదవ తరగతివారు బడి విడిచి పోవుదురు. పోయిన ఆ ఏడాదిని వారికి ఎవరును తిరిగి ఈయలేరు. కావున గురిదిమ్మెను మనమే చేసికొనవలెనని మా అభిప్రాయము.

దిమ్మె పని బాణపు వేగమును క్రమముగా హరించుట. గట్టిచెక్కకు తగిలిన బాణము విరుగును, లేదా వెనుకకు ఎగిరివచ్చును. వదులైన గడ్డికి తగిలినది దూసుకొనిపోవును. బిగువుగా అదిమిన మెత్తని వస్తువు మాత్రము బాణపుకాడను అన్నివైపుల ఒరసి పట్టి నిలుపును. ఈ రాపిడియే ఇందలి రహస్యము.

ఇందుకు కావలసినవి మన యిండ్లలోనే కలవు. ఒక గోనెసంచిలో చినిగిన చీరలను, పంచెలను మూలమూలలకు కూరి, బాగుగా అదిమి, మూతిని దబ్బనముతో కుట్టవలెను. గుండీలు, కొక్కెములు ముందే తీసివేయవలెను. అట్టపెట్టెలను కోసి, ఒకదానిపై నొకటి పేర్చి, త్రాళ్లతో బిగించి, అంచులు బాణమునకు ఎదురుగా నుండునట్లు నిలిపినను చాలును. పట్టుపురుగుల ఇండ్లలో పాతబడిన చంద్రికల వెదురు, దిమ్మె నేలచెమ్మకు తగులకుండ నిలుపు చట్రమునకు పనికివచ్చును.

గురికాగితమును గీయుట చక్కని రేఖాగణిత పాఠము. ఒలింపిక్ పోటీలలో 70 మీటర్ల దూరమున నుంచు గురిముఖము వ్యాసము 122 సెంటీమీటర్లు. మనకు 80 సెంటీమీటర్లు చాలును. మేకు, దారము తీసికొని 4 సెంటీమీటర్ల చొప్పున వ్యాసార్ధమును పెంచుచు పది వలయములు గీయవలెను. నడుమనుండి వెలుపలికి రెండేసి వలయములకు పసుపుపచ్చ, ఎరుపు, నీలము, నలుపు, తెలుపు రంగులు వరుసగా వేయవలెను. పసుపు, కుంకుమ, నీలిమందు, బొగ్గుపొడి, సున్నము లేని ఊరు కలదా?

ఇది ప్రమాదకరమని పెద్దలు భయపడుట న్యాయమే. అందుచేత కొన్ని నియమములు తప్పనిసరి. ఉపాధ్యాయుడు లేనిదే విల్లు ముట్టరాదు. తేలికవిండ్లనే వాడవలెను, బలమైన విండ్లకు ఈ దిమ్మెలు ఆగవు. దిమ్మె వెనుక ఎత్తైన మట్టికట్ట యుండవలెను. అందరును ఒకే గీతపై నిలువవలెను. అందరి బాణములును అయిపోయిన పిదపనే ముందునకు పోవలెను. బాణమును పెరుకువాని వెనుక ఎవరును నిలువరాదు. దిమ్మె నడుమ మెత్తబడినప్పుడెల్ల మరల గుడ్డలు కూరవలెను.

ఇంటి దిమ్మెతోనే విజేతలు తయారగుదురని మేము చెప్పము. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలందు మూడు స్వర్ణపతకములు గెలిచిన విజయవాడ క్రీడాకారిణి వెన్నం జ్యోతి సురేఖ వంటివారి స్థాయికి మేలైన సాధనములు, మంచి శిక్షకులు కావలెను. వానిని కోరుట మన ధర్మము. కాని అవి వచ్చువరకు చేతులు కట్టుకొని కూర్చుండుట ధర్మము కాదు. గురువు నిరాకరించినప్పుడు ఏకలవ్యుడు మట్టితో గురువును చేసికొనెను. మనము గోనెతో గురిని చేసికొనలేమా?

మరియొక మాట. ఇంట తెలుగు, వీథిలో కన్నడము వినుచు పెరుగు పిల్లలము మనము. మన విల్లు వారికి బిల్లు. మన అమ్ము వారికి అంబు. గురి మాత్రము ఇరువురికిని గురియే. చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి పాఠశాలల తెలుగు పిల్లలును కన్నడ పిల్లలును ఒకే గీతపై నిలిచి ఒకే గురిని చూచు దినము రావలెను. అందుకు మొదటి గోనెసంచి మన బడినుండియే బయలుదేరుగాక!