కొండెక్కే కాలేజీ మనకొద్దని ఎవరు చెప్పిన్రు?

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారానికే ఇచ్చోడల రంగుల కాగితాలు దిగినయి. మంచుకొండ, దాని ముందట ఎర్ర జాకెట్ వేసుకొని తాడు పట్టుకున్న తెల్లటి పిలగాడు. 'హిమాలయాల ఒడిలో డిగ్రీ చదవండి. ట్రెక్కింగ్, రాఫ్టింగ్, రాక్ క్లైంబింగ్ మీ కాలేజీ గుమ్మంలోనే.' ఏజెంటు దుకాణాలల్ల పంచిండు, పెద్దిండ్లల్ల కూసుండి చాయ్ తాగుకుంట చెప్పిండు. మా వాడకు రాలేదు. వాడదాకా ఆ కాగితం వచ్చింది మిరపకాయ బజ్జీలు చుట్టుకొనే.

నూనె మరకల ఆ కాగితాన్ని పారెయ్యకుండ పుస్తకంల దాచుకున్న పిల్ల ఒకతి ఉన్నది. తండ్రి హమాలీ, తల్లి పత్తి ఏరబోతది. పిల్ల గురుకులంల చదివింది. బడోళ్లు భువనగిరి గుట్ట మీదికి శిక్షణకు తీస్కపోతే తాడు కట్టుకొని రాతి మీదికి పోయింది. దిగొచ్చినంక ఆ పిల్ల మనసు దిగలేదు. కొండల ఊర్ల డిగ్రీ చదువుత, చదువుకుంటనే కొండలెక్కుడు నేర్చుకుంట అంటున్నది.

అన్నదానికి వచ్చిన జవాబులు వినున్రి. ఒక సారు అన్నడు: 'నర్సింగ్ చెయ్యమ్మా, తొందరగా కొలువు దొరుకుతది.' మేనమామ అన్నడు: 'మనం పుట్టినప్పటి సంది గుట్టలెక్కి కట్టెలే తెస్తిమి గదనే, మళ్ల పైసలిచ్చి ఎక్కుడేంది?' ఒక ఆఫీసుల బల్ల అవతలి మనిషి మొఖం ఎత్తకుండనే అన్నడు: 'బయటి రాష్ట్రమా? స్కాలర్‌షిప్ రాదు. పో.'

నర్సింగ్ చిన్న పని అని మేం అనం. మన ఆడబిడ్డలు ఆస్పత్రులల్ల చేసే పనికి దండం పెడ్తం. మా పేచీ వేరు. అదే బజార్ల అదే కాగితం పట్టుకొని పోయిన షావుకారు కొడుకును నర్సింగ్ చెయ్యమని ఎవరూ అనలేదు. 'మంచి ఆలోచన, పిలగాడికి ధైర్యం వస్తది, లోకజ్ఞానం వస్తది' అన్నరు. ధైర్యం వాళ్ల పిల్లలకు చదువు, మన పిల్లలకు దుబారా. వాళ్లు కాలేజీని ఎంచుకుంటరు. మనకు ఎంపిక అంటే లిస్టుల పేరొచ్చిందా లేదా అని నోటీసు బోర్డు ముందట నిలబడుడు.

మేనమామ మాటను మాత్రం మేం కొట్టిపారెయ్యం. అందుల వెయ్యేండ్ల అలుపు ఉన్నది. మనకు గుట్ట అంటే పని. కట్టెల మోపు, తునికాకు కట్ట, గుట్ట అవతలి చేనుల కూలి. ఆటగ ఎక్కెటోడు ఎప్పుడు దిగాలె అన్నది తనే అనుకుంటడు, కూలికి ఎక్కెటోడికి ఆ హక్కు లేదు. లోకంల అన్నిటికన్న ఎత్తయిన కొండ మీద కూడ లెక్క ఇదే. టెన్జింగ్ నార్గే 1935ల బ్రిటిషోళ్ల దండుల బరువులు మోసే కూలిగనే ఎవరెస్టు దిక్కు పోయిండు. 1953 మే 29న హిల్లరీతో కలిసి శిఖరం మీద నిలబడ్డడు. ఇద్దరూ ఒక్క తాడుకే కట్టుకొని ఎక్కిన్రు. హిల్లరీని రాణి 'సర్' చేసింది, టెన్జింగ్‌కు జార్జి మెడల్ ఇచ్చి సరిపెట్టింది. 2014 ఏప్రిల్ 18న నేపాల్ దిక్కు మంచు విరిగిపడి 16 మంది చచ్చిపోయిన్రు, అందరూ పర్వతారోహకుల కోసం దారి కట్టి సామాను మోసే పనోళ్లే. వాళ్ల ప్రభుత్వం ముందు ఇస్తనన్నది ఇంటికి 40 వేల నేపాలీ రూపాయలు. షెర్పాలు ఆ ఏడు ఎక్కం పో అని బరువులు దించిన్రు. ఈ ముచ్చట మన హమాలీ సంఘంల చదివి వినిపియ్యాలె.

సరిగ్గ అదే ఏడు, అదే కొండకు అవతలి దిక్కు మన పిల్లలు ఇద్దరున్నరు. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి మాలావత్ పూర్ణ, కూలి చేసుకునే లంబాడ తల్లిదండ్రుల బిడ్డ. ఖమ్మం జిల్లా చర్ల మండలం నుంచి సాధనపల్లి ఆనంద్‌కుమార్, సైకిళ్లు బాగుచేసే దళితుని కొడుకు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. 16 ఏండ్లు నిండనిదే నేపాల్ ఎక్కనియ్యదు గనుక టిబెట్ దిక్కు నుంచి ఎక్కిన్రు. 2014 మే 25న శిఖరం మీద నిలబడ్డరు. అప్పటికి పూర్ణకు 13 ఏండ్ల 11 నెలలు.

వాళ్లు గాలిల నుంచి ఊడిపడలేదు. అప్పుడు గురుకులాల కార్యదర్శిగ ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ పిల్లలను పంపాలని పట్టుబట్టిండు. కోచ్ శేఖర్‌బాబు భువనగిరి రాళ్ల మీద తయారుచేసిండు. అక్కడి నుంచి డార్జిలింగ్ హిమాలయ పర్వతారోహణ సంస్థ, అక్కడి నుంచి చలికాలం లదాఖ్. అంటే ఏంది? బూట్లిచ్చి, తిండి పెట్టి, నేర్పేటోన్ని పెడితే మన పిల్లలు ఎక్కుతరు. వెయ్యేండ్లు లేనిది కాళ్లల్ల బలం గాదు.

ఆ పొద్దు ఊరూరా ఫ్లెక్సీలు కట్టిన్రు. దండలు వేసిన్రు, సినిమా తీసిన్రు. పూర్ణ ఆగలేదు, 2022 జూన్‌ల అమెరికాల డెనాలీ ఎక్కి ఏడు ఖండాల ఏడు ఎత్తయిన కొండలూ పూర్తిచేసింది. మరి ఫ్లెక్సీ కట్టినోళ్లను మేం అడుగుతున్నం: ఇద్దరు ఎక్కిన్రు సరే, మూడో పిల్ల ఎక్కడికి పోవాలె? ఇంటర్ అయిపోంగనే గురుకులం గేటు మూసుకుంటది. ఆ పిల్లను డిగ్రీల చేర్చుకొని ఎక్కుడు నేర్పే సర్కారు కాలేజీ ఎక్కడున్నదో వేలు పెట్టి చూపియ్యున్రి. ఒక్క బిడ్డ ఫోటో చూపిచ్చి లక్ష మంది నోర్లు మూపిచ్చే విద్య ఈ దేశంల పాతదే. బాబాసాహెబ్ ఒక్కడు చదివిండు గదా, మీకేం తక్కువ అని మన తాతలకు కూడ చెప్పిన్రు.

ఇగ కొండల ఊర్ల సంగతి. రంగుల కాగితం మీద స్వచ్ఛమైన గాలి అని రాసుకున్నరు. గాలికి కులం లేదేమో గని, అద్దె గదికి ఉన్నది. అంబేడ్కర్ కొలంబియాల, లండన్ల చదివి 1917ల బరోడాకు కొలువుకు వస్తే ఉండనీకి ఇల్లు దొరకలేదు. పార్శీల సత్రంల పేరు దాచుకొని ఉంటే కట్టెలు పట్టుకొని వచ్చి వెళ్లగొట్టిన్రు. కొండల ఊర్లల్ల కూడ చరిత్ర ఉన్నది. ఉత్తరాఖండ్ అల్మోరా జిల్లా కఫల్టాల 1980 మేల దళితుల పెండ్లి ఊరేగింపు మీద పడి 14 మందిని చంపిన్రు. 2018 ఫిబ్రవరిల హిమాచల్ కులూ జిల్లాల, పరీక్షల మీద ప్రధాని ప్రసంగాన్ని టీవీల చూపియ్యనీకి పిలిచి దళిత పిల్లలను గుర్రాలు కట్టే జాగాల కూసుండబెట్టిన్రు. 2021 డిసెంబర్‌ల చంపావత్ జిల్లాల ఒక బడిల దళిత ఆమె వండిందని పిల్లలు అన్నం ముట్టలేదు. కారంచేడు, చుండూరు చూసిన మనకు ఇవి కొత్త గావు. పిల్లను భయపెట్టనీకి చెప్తలేం, తెలిసి పొమ్మని చెప్తున్నం. ఇంకో లెక్క కూడ తెలిసి పోవాలె. 2011 జనాభా లెక్కల ప్రకారం హిమాచల్‌ల నూటికి 25 మంది, ఉత్తరాఖండ్‌ల నూటికి దాదాపు 19 మంది ఎస్సీలే. ఆ కొండలల్ల మనోళ్లున్నరు. కాలేజీ పేరు అడిగేముందు అక్కడి అంబేడ్కర్ సంఘాలోళ్ల ఫోన్ నంబరు అడగాలె.

ఆఫీసుల మనిషి చెప్పిన మాటకు వస్తం. స్కాలర్‌షిప్ రాదు అన్నడు గదా. కేంద్రం పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ నిబంధనల రాసే ఉన్నది: ఎస్సీ విద్యార్థి దేశంల ఎక్కడ చదివినా, ఏ రాష్ట్రపు మనిషో ఆ రాష్ట్రమే ఇయ్యాలె. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటొద్దు. హమాలీ ఇంట్ల అది దాటే భయం లేదు. ఆ మనిషికి తెల్వక అన్నడో, తెలిసే అన్నడో మాకెరుక లేదు గని, రాదన్న మాట మీద ఎంత మంది ఇంటికి మళ్లిన్రో ఎవరు లెక్కపెట్టిన్రు?

స్కాలర్‌షిప్ కన్న లోతు గుంత ఇంకోటున్నది. దాని గురించి ఏజెంటు ఒక్క ముక్క చెప్పడు. మన కుల సర్టిఫికెట్ రాష్ట్రం గడప దాటితే అంతట చెల్లదు. తెనాలిల పుట్టిన మర్రి చంద్రశేఖరరావు అనే ఎస్టీ పిలగాడు, తండ్రికి బొంబాయిల కొలువైతే అక్కడికి పోయిండు. మెడికల్ కాలేజీల ఎస్టీ సీటు అడిగితే నువ్వు మహారాష్ట్ర ఎస్టీవి గావన్నరు. సుప్రీంకోర్టు 1990ల అదే మాట ఖాయం చేసింది. ఒక రాష్ట్రంల ఎస్సీ, ఎస్టీ అయినోడు ఇంకో రాష్ట్రంల ఆ హక్కు అడగలేడు. ఆదిలాబాదోళ్లకు ఇది కోర్టు దాకా పోయి తెలుసుకునే సంగతి గాదు. పెన్‌గంగ ఇవతల లంబాడ ఎస్టీ, నీళ్లు దాటంగనే గాదు. ఏరు దాటితే రిజర్వేషన్ పోతది గని, ఊరి బయటి ఇల్లు పోతదా? కులం మాత్రం ఏ గీత దగ్గరా టికెట్ తీస్కోకుండనే దేశమంతా తిరుగుతది.

అందుకే ఆ పిల్లకు మేం చెప్పింది ఇది. హిమాచల్‌దో, ఉత్తరాఖండ్‌దో రాష్ట్ర ప్రభుత్వ కాలేజీ అయితే నువ్వు అక్కడ జనరల్ కిందికే వస్తవు, సీటుకైనా ఫీజుకైనా. సెంట్రల్ యూనివర్సిటీల ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు ఏడున్నర శాతం, ఏ రాష్ట్రం నుంచి పోయినా మన సర్టిఫికెట్ చెల్లుతది. గర్వాల్ శ్రీనగర్ల ఒకటున్నది, 2009ల సెంట్రల్ అయింది. అదే ఏడు ధర్మశాలల ఇంకోటి పుట్టింది. సిక్కిం గాంగ్‌టక్‌ల 2007 నుంచి ఉన్నది. మూడూ కొండల నడుమనే. రంగుల కాగితంల ప్రైవేటు కాలేజీ పేరున్నది గని ఈ మూడిట్ల ఒక్కటి పేరూ లేదు, ఎందుకంటే అక్కడ ఏజెంటుకు కమీషన్ ముట్టదు.

కాగితంల ఇంకో మోసం: 'పర్వతారోహణతో డిగ్రీ.' కొండెక్కుడు నేర్పే అసలు సంస్థలు వేరే ఉన్నయి. డార్జిలింగ్ సంస్థ 1954ల పెట్టింది, మనాలీది 1961, ఉత్తరకాశీ నెహ్రూ సంస్థ 1965. అవి డిగ్రీ ఇయ్యవు. అక్కడ బేసిక్ కోర్సు నెల లోపల అయిపోతది. అందుల 'ఎ' గ్రేడు వస్తేనే అడ్వాన్స్ కోర్సుకు రానిస్తరు, ఆ తర్వాత నేర్పించుడు నేర్చుకునే కోర్సు, ఆపదల్నున్నోళ్లను దించుకొచ్చే కోర్సు. కూలోని బిడ్డకు ఈ నాలుగు మెట్లే కొలువు దాకా పోయే తొవ్వ. కాలేజీ గుమ్మంల తాడు కట్టి ఫోటో దిగితే ఆ గ్రేడు రాదు. డిగ్రీ ఒకచోట, కోర్సు సెలవులల్ల. నడుమ ఖర్చు ఎవరు పెట్టుకోవాలె అన్నదే ప్రశ్న. షావుకారు కొడుక్కు ఆ ప్రశ్నే లేదు.

ఆటల మీద పత్రికల ఇంత జాగా ఎందుకని మాలోనే ఒక అన్న గొణిగిండు. భూముల సమస్య ఉన్నది, కేసులున్నయి అన్నడు. ఉన్నయి అన్నా. కానీ మన పిల్లల కోరికలకు కూడ రేషన్ కార్డు పెడదామా? అది ఇప్పటిదాకా వాళ్లు చేసిన పని.

ఇంతకూ గుట్టలకు హిమాలయం దాకనే ఎందుకు పోవాలె? ఇచ్చోడ చుట్టూ ఏమున్నయి? సహ్యాద్రి గుట్టలు లేవా? నేరడిగొండ అడవిల కడెం వాగు మీద కుంటాల దుంకుతలేదా? (దానికి శకుంతల పేరు తగిలిచ్చి పురాణం అల్లిన్రు. కుంట అంటే నీటిగుంట అని ఇక్కడి పశువుల పోరగాన్ని అడిగినా చెప్తడు.) పొచ్చెర లేదా, ఉట్నూరు గుట్టలు లేవా, కొమురం భీం నిలబడ్డ జోడెఘాట్ లేదా? 2012ల కవ్వాల్‌ను పులుల అభయారణ్యం చేసి ఆదివాసిని అడవి నుంచి జరుగుమంటున్నరు, జీపులల్ల వచ్చే టూరిస్టును మాత్రం రమ్మంటున్నరు. గుట్ట ఎరిగినోడు బయట, టికెట్ కొన్నోడు లోపల.

మేం అడిగేది ఇది. సైన్యంల చేరే ఆడపిల్లల కోసం భువనగిరిల గురుకుల డిగ్రీ కాలేజీ తెరిచిన్రు, అంటే సర్కారుకు చాతనైతది. గట్లనే ఇచ్చోడ, ఉట్నూరు నడుమ ఒక డిగ్రీ కాలేజీ పెట్టున్రి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు హాస్టల్‌తోని, కొండెక్కుడు, వాగుల ఈత, అడవిల ఆపదల్నుంచి మనుషులను కాపాడుడు చదువుల భాగంగ. నేర్పేటోళ్లల్ల గోండు, కొలాం పెద్దలు కూడ ఉండాలె, జీతంతోని. అప్పటిదాకా డార్జిలింగ్, ఉత్తరకాశీ కోర్సులకు మన పిల్లల ఖర్చు సర్కారే పెట్టుకోవాలె. 'బయటి రాష్ట్రం' అని మళ్లగొట్టే ప్రతి ఆఫీసూ ఆ మాటను కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇయ్యాలె. నోటిమాట మీద ఇంటికి మళ్లేది లేదు.

ఇచ్చోడ ముందటి నుంచి పోయే 44వ నంబరు రోడ్డు మీద నిలబడి ఉత్తరం దిక్కు పోతనే ఉంటే అది కశ్మీర్ శ్రీనగర్ల తేలుతది. లారీలు రోజూ పోతున్నయి. ఆ పిల్ల దరఖాస్తు మా దగ్గర ఉన్నది, ఆదాయం సర్టిఫికెట్ ఒక్కటే తక్కువ. సోమవారం పొద్దున ఆఫీసు తెరవక ముందే తండ్రి, మేనమామ, మేం పదిమందిమి అక్కడ నిలబడ్తం. కాగితాలు పట్టుకొని ఇంకెవరన్న ఉంటే మాతోని రావచ్చు.