తలుపు తెరిచే ఉంది, మెట్లేవి?

విదేశాల్లో చదువు అనగానే మన ఇళ్లలో మొదట వినిపించే మాట బ్యాంకు రుణం. ఇంటి కాగితాలు తాకట్టు పెట్టాలి, తల్లి నగలు అమ్మాలి, అబ్బాయి అక్కడ ఉద్యోగం సంపాదించి బాకీ తీర్చాలి. ఎం.ఎస్. చదువుల విషయంలో ఈ భయం సహేతుకమే. అయితే జీవశాస్త్రాలలో డాక్టరేట్ పూర్తిచేసిన యువతకు మరో మార్గం ఉంది. అక్కడ రుసుము కట్టనవసరం లేదు. పరిశోధకునికే జీవనభృతి చెల్లిస్తారు. ఈ సంగతి మన కుటుంబాల్లో ఎందరికి తెలుసు?

ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ కేంద్రంగా 1989 నుంచి పనిచేస్తున్న హ్యూమన్ ఫ్రాంటియర్ సైన్స్ ప్రోగ్రామ్‌నే తీసుకుందాం. జపాన్ చొరవతో పుట్టిన ఈ సంస్థకు సభ్యదేశాలు నిధులు సమకూరుస్తాయి. భారతదేశమూ అందులో సభ్యదేశమే. కొత్తగా డాక్టరేట్ పొందినవారిని ఇది మూడేళ్లపాటు మరో దేశపు ప్రయోగశాలకు పంపుతుంది. అంతవరకూ చేసిన పనికి భిన్నమైన అంశాన్ని చేపట్టాలన్నది దాని షరతు. అంత దూరం పోనక్కరలేదు: మన ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగమూ బ్రిటన్‌కు చెందిన వెల్‌కమ్ ట్రస్టూ 2008లో కలిసి నెలకొల్పిన ఇండియా అలయన్స్ కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. ఈ రెండింటిలోనూ ఎంపికకు మతంతో నిమిత్తం లేదు.

చిక్కు వేరేచోట ఉంది. ఇవన్నీ డాక్టరేట్ దగ్గర మొదలవుతాయి. జీవశాస్త్రంలో డాక్టరేట్ అంటే ఐదారేళ్ల కఠోర శ్రమ. ప్రయోగశాలలో పెంచే కణాలకు ఆదివారం లేదు, పండుగ లేదు. సాయంత్రాలు ట్యూషన్లు చెప్పుకుంటూ నెట్టుకొచ్చే చదువు కాదది. నెలనెలా భృతి లేనిదే పేదింటి బిడ్డ అందులో నిలువలేడు.

సచార్ కమిటీ నివేదిక వెలువడిన కొన్నేళ్లకు, 2009లో, కేంద్రం మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను ఆరంభించింది. ఆరు మైనారిటీ వర్గాలకు ఉద్దేశించిన ఈ పథకం కింద తొలుత ఏటా 756 మందికి అవకాశం ఉండేది; అందులో 30 శాతం మహిళలకు కేటాయించారు. 2022 డిసెంబరులో ఆ పథకాన్ని నిలిపివేస్తున్నట్లు లోక్‌సభలో ప్రకటించారు. విదేశీ విద్యారుణాలపై వడ్డీ రాయితీనిచ్చే ‘పఢో పర్‌దేశ్’ కూడా 2022–23 నుంచి ఆగిపోయింది.

ఇతర ఫెలోషిప్పులు ఎలాగూ ఉన్నాయి, ఇది వాటితో కలిసిపోతోందన్నది ఫెలోషిప్ రద్దుకు ప్రభుత్వం చూపిన కారణం. ఒక విద్యార్థి ఏకకాలంలో రెండు ఫెలోషిప్పులు పొందరాదన్న నిబంధన ఉండనే ఉంది. మరి ఖజానాకు కలిగిన నష్టమేమిటి? 2011 జనాభా లెక్కల్లో ముస్లింలు 14.2 శాతం. 2020–21 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం విద్యార్థుల్లో వారి వాటా 4.6 శాతమే. ఇతర పథకాలే సరిపోతాయన్న వాదనకు ఈ అంకెలు ఎక్కడా ఊతమివ్వవు.

మైనారిటీ విద్యార్థుల విదేశీ విద్యకు తెలంగాణ ప్రభుత్వం 20 లక్షల రూపాయల వరకు ఇస్తోంది. మంచిదే, కొనసాగాలి. కానీ స్వదేశీ ప్రయోగశాలలో ఐదేళ్లు గడపవలసిన అమ్మాయికి అది అక్కరకు రాదు.

ఇక మన వంతు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు జీవరసాయన శాస్త్రంలో ప్రపంచం గుర్తించిన శాస్త్రవేత్త. శతాబ్దం క్రితం ఆయన హార్వర్డ్‌కు పయనమైనప్పుడు చేయూతనిచ్చినవారు ఇద్దరు: ఒకరు మామగారు, రెండోది కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ. ఒక దాత విడిచివెళ్లిన సొమ్ము ఒక యువకుణ్ణి సముద్రం దాటించింది. వక్ఫ్ ఆస్తులున్న సముదాయానికి ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. మన విద్యా ట్రస్టులు పదో తరగతి విద్యార్థులకు జ్ఞాపికలు పంచి, శాలువాలు కప్పి, ఫొటోలు దిగి తృప్తి పడుతున్నాయి. ఆ సభల ఖర్చులో కొంత మిగిల్చినా, జిల్లాకొక పరిశోధక విద్యార్థికి భృతి ఇవ్వలేమా?

దీనివల్ల ప్రభుత్వం బాధ్యత తీరిపోదు. మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను పునరుద్ధరించాలని వచ్చే పార్లమెంటు సమావేశాల్లోనే గట్టిగా అడగవలసిందిగా రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలను, పార్టీలకు అతీతంగా, మేము కోరుతున్నాము. ఆ ప్రశ్న ఎవరు వేశారో, ఎవరు వేయలేదో ఈ పత్రికలోనే ప్రచురిస్తాము.