రెండు కోతులు, ఒకే బోను

పుదుచ్చేరి అసెంబ్లీలో ఒర్లియంపేటకు ఒక సీటు, యానాంకు ఒక సీటు. ఒకే ప్రభుత్వం, ఒకే బడ్జెట్, ఒకే అటవీ శాఖ. రెండు ఊళ్ల మధ్య రోడ్డు దూరం మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్లు దాటుతుంది. కోతుల లెక్కన చూస్తే ఇవి రెండు వేర్వేరు రాజ్యాలనే చెప్పాలి. యానాంను ఒరుసుకుని పారే గోదావరే ఒకప్పుడు ఉత్తరాది కోతికీ దక్షిణాది కోతికీ తూర్పు హద్దు. పడమట ఆ పని తపతి చేసేది. ఒర్లియంపేట నుంచి ఆదివారం పూట సెంజి కోటకు వెళ్లినవారి చేతిలోంచి అరటిపండు లాక్కుపోయేది దక్షిణాది కోతి. తిరుమల ఘాట్ రోడ్డు పిట్టగోడల మీద కూర్చుని కార్లకేసి చూసేదీ అదే.

రెండింటినీ మనం కోతులనే అంటాం. కానీ కాస్త పరికించి చూస్తే తేడా తెలుస్తుంది. దక్షిణాది కోతికి తోక పొడవు, నెత్తిన పాపిడి తీసి టోపీ పెట్టినట్టు జుట్టు. అందుకే దాన్ని బోనెట్ మకాక్ అన్నారు. ఉత్తరాది రీసస్ కోతి బలిష్ఠం, తోక పొట్టి, వెనుక భాగం ఎరుపు తిరిగి ఉంటుంది. రీసస్ అఫ్ఘానిస్థాన్ నుంచి చైనా దాకా కనిపిస్తుంది. టోపీ కోతికి దక్షిణ భారతం తప్ప మరో ఇల్లు లేదు.

ఆ ఇల్లే ఇప్పుడు ఇరుకవుతోంది. రీసస్ గోదావరి దాటి దక్షిణానికి వస్తోందనీ, అది స్థిరపడిన చోట టోపీ కోతి కనుమరుగవుతోందనీ బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్‌కు చెందిన సింధు రాధాకృష్ణ, అనింద్య సిన్హా తదితరులు 2011లోనే హెచ్చరించారు. అప్పటికి ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో ఈ కోతికి పెద్దగా బెంగ అక్కర్లేదని రాసి ఉండేది. ఇప్పుడు అది ‘వల్నరబుల్’ గడిలోకి చేరింది. ఇందులో రీసస్ తప్పెంత? నది దాటించింది చాలావరకు మనుషులే. ఒక ఊళ్లో పట్టిన కోతులను లారీకెత్తి మరో జిల్లా అడవి అంచున వదిలేయడం దశాబ్దాలుగా సాగుతున్న పరిపాలనా విధానం. ఇంగ్లిషులో దీన్ని పునరావాసం అంటారు. తెలుగులో పక్క ఊరి మీదికి తోలేయడం అంటారు.

ఇలాంటి కథే సముద్రానికి ఆవల బోర్నియోలోనూ నడుస్తోంది. అక్కడ హద్దులు చెరిపింది ఆయిల్‌పామ్. మలేసియాలోని సబా రాష్ట్రంలో కినబటంగాన్ నది వెంట అడవిని కొట్టి తోటలు వేయగా, మిగిలిన తునకల్లో ఒరాంగుటాన్‌లు చిక్కుబడ్డాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త మార్క్ ఆంక్రెనాజ్, ఆయన స్థాపనలో పాలుపంచుకున్న హుటాన్ సంస్థ 1998 నుంచీ అక్కడే మకాం. చెట్టు దిగదనుకున్న ఒరాంగుటాన్ నేల మీద దర్జాగా నడుస్తున్నట్టు వారి కెమెరాలు పట్టాయి. పామ్ మట్టల మధ్య గూడు అల్లుకోవడం, గెలల పండ్లు తినడం, వాగుల మీద కట్టిన తాళ్ల వంతెనలు దాటడం కూడా నేర్చింది. మారలేని జంతువు చచ్చిపోతుందన్న పాత నమ్మకానికి ఇది గట్టి దెబ్బ. అలాగని అంతా బాగుందనీ కాదు. ఆడ ఒరాంగుటాన్ ఏడెనిమిదేళ్లకోసారి ఒక్క పిల్లను కంటుంది. ఏడాదికి ఒకటి రెండు పెద్ద ఆడవాటిని పోగొట్టుకున్నా చిన్న గుంపు కోలుకోలేదు. తోటలో పంట తింటోందని కాల్చేవారు ఇండోనేసియాలో తక్కువేమీ లేరు.

దూరాన ఉన్న ఒరాంగుటాన్ మీద మనకు జాలి. పెరట్లోని కోతి మీద కోపం. ఆ కోపాన్ని తప్పుపట్టడం నగరంలో కూర్చున్నవారికి తేలిక. తెలంగాణలో కూరగాయలు, వేరుశనగ మానేసి కోతులు ముట్టని పత్తికి మారిన రైతును అడిగితే సంగతి తెలుస్తుంది. 2022లో సిద్దిపేట జిల్లా కోహెడలో ఒక రైతు రోజుకు 500 రూపాయలిచ్చి మనిషికి ఎలుగుబంటి వేషం కట్టించి చేలో నిలబెట్టాడు. దేశమంతా ఆ ఫొటో చూసి నవ్వుకుంది. రోజుకు 500 ఇచ్చి కాపలా పెట్టుకోవాల్సి వస్తే ఆ పంట మీద రైతుకు మిగిలేదెంతో ఎవరూ లెక్కవేయలేదు.

రాజకీయం మాత్రం ఈ లెక్క పట్టేసింది. వానలు తిరిగి రావాలి, కోతులు తిరిగి పోవాలి అన్న నినాదంతో 2015లో హరితహారం మొదలైంది. 2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికల్లో కోతులను తరిమేస్తామని హామీ ఇవ్వని సర్పంచ్ అభ్యర్థులు కొన్ని జిల్లాల్లో అరుదు. గెలిచినవారు చేయగలిగింది ఏమిటి? ఒక్కో కోతికి ఇంత అని మాట్లాడుకుని పట్టేవాళ్లను పిలిపించడం. లేదంటే కొండముచ్చును తెచ్చి కట్టేయడం. రెండోది చట్టరీత్యా నేరం.

చట్టం సంగతే అసలు చిక్కు. వన్యప్రాణి రక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాంతో రీసస్ కోతి షెడ్యూళ్ల నుంచి పూర్తిగా తప్పుకుంది. చట్టం దృష్టిలో అదిప్పుడు వన్యప్రాణి కాదు. టోపీ కోతి మాత్రం షెడ్యూల్ 1లో, పులి సరసన ఉంది. దాన్ని షెడ్యూల్ 2కు దించాలని కేరళ 2025లో పట్టుబట్టింది కూడా. అంటే ఒకే చేనులో ఒకే మొక్కజొన్న కంకి విరిచిన రెండు కోతుల్లో ఒకటి ఊరకుక్కతో సమానం, మరొకటి పులితో సమానం. బోను పెట్టేవాడికి ఈ తేడా చెప్పేదెవరు? తోక పొడవు చూసి వదిలిపెట్టమని ఏ పంచాయతీ తీర్మానంలో రాస్తారు? సరిహద్దు ప్రాంతాల్లో రెండు జాతులూ కలిసి తిరిగే గుంపులూ ఉన్నాయి మరి.

ఆచరణలో నిలిచే దారి కుటుంబ నియంత్రణ ఒక్కటే కనిపిస్తోంది. హిమాచల్‌ప్రదేశ్ 2007 ప్రాంతంలో మొదలుపెట్టి లక్షన్నరకు పైగా కోతులకు ఆపరేషన్లు చేసింది. 2004లో 3 లక్షలు దాటిన సంఖ్య తర్వాతి గణనల్లో సగం కంటే దిగువకు వచ్చింది. 2016లో అక్కడ వాటిని చంపడానికి కేంద్రం అనుమతిచ్చినా హనుమంతుడి మీద తుపాకీ ఎత్తేవారు పెద్దగా దొరకలేదు. తెలంగాణ 2020 డిసెంబరులో నిర్మల్ దగ్గర చించోలిలో కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రం తెరిచింది. దక్షిణాదిలో ఇదే మొదటిది. కానీ రాష్ట్రమంతటికీ ఒక్క ఆపరేషన్ థియేటర్ సరిపోదని పశువైద్యుడు కాకపోయినా చెప్పొచ్చు. పైగా టోపీ కోతిని కూడా అదే బల్ల మీదికి ఎక్కిస్తే తగ్గిపోతున్న జాతిని మన చేత్తోనే మరింత తగ్గించినట్టు. గణన చేసేటప్పుడే ఏ కోతి ఏదో రాసుకోవాలి. ఇందుకు పెద్ద ఖర్చు లేదు, ఫారెస్టు గార్డుకు రెండు ఫొటోలు ఇస్తే చాలు.

చెట్ల మాట కూడా ఉంది. టోపీ కోతి దట్టమైన అడవి కంటే బాటల పక్కన మర్రి, రావి, గుడి తోపుల మీద ఎక్కువ ఆధారపడ్డ జీవి. ఆ చెట్లే రోడ్ల వెడల్పులో పోతున్నాయి. చేవెళ్ల దారిలోని తొమ్మిది వందల దాకా మర్రిచెట్ల వివాదం హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లినప్పుడు నీడ గురించి, అందం గురించి చాలామంది మాట్లాడారు. ఆ చెట్ల పండ్లు తినేవాటి గురించి మాట్లాడినవారు తక్కువ.

ఇక అసలు తమాషా. పత్తి కూడా గిట్టుబాటు కాని రైతుకు ఇప్పుడు తెలంగాణలో చూపిస్తున్న పంట ఆయిల్‌పామ్. కేంద్రం 2021లో 11,040 కోట్ల రూపాయలతో జాతీయ మిషన్ ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ ఇప్పటికే ఈ సాగులో దేశానికి పెద్దన్న. ఈ పంటను ప్రచారం చేసేవారు ఏకరువు పెట్టే లాభాల్లో కోతుల బెడద ఉండదన్నది ఒకటి. ఇక్కడ అడవి కొట్టి వేయడం లేదు, ఉన్న పొలంలోనే వేస్తున్నారు కాబట్టి బోర్నియోతో పోల్చడం న్యాయం కాదు. అయితే కోతులు ముట్టని పొలం ఒక్కొక్కటీ పెరిగేకొద్దీ, ముట్టే పంట వేసిన చిన్న రైతు చేలోకి మొత్తం గుంపు దిగుతుంది. ఆయిల్‌పామ్ గెల కోతకు రావడానికి మూడు నాలుగేళ్లు. అన్నాళ్లు ఆగలేనివాడే ఇంకా టమాటా వేస్తున్నాడు.