ప్రయాణ స్వాతంత్ర్యం

ఒక దేశం ఎంత అభివృద్ధి చెందిందో చెప్పడానికి ఆ దేశపు రహదారులను, వాహనాలను చూపడం పరిపాటి. దారి ఎంత వెడల్పుగా ఉంది, దానిమీద కారు ఎంత వేగంగా పోతుంది అని లెక్కిస్తాం. నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. వాహనం నడపడం రాని మనిషి ఆ దేశంలో ఒకరి సాయం అడగకుండా ఎంతదూరం పోగలడు? ఈ ప్రశ్న నాకు పుస్తకాలలో ఎదురుకాలేదు. 2023 వేసవిలో మా కుటుంబం చేసిన విదేశయాత్రలో ఎదురైంది.

మా అమ్మది జమ్మలమడుగు. వయస్సు డెబ్బై దాటింది. కారు మాట అటుంచి, సైకిలు తొక్కడం కూడా ఆమెకు రాదు. అయినా ఆమె ప్రయాణాలకు ఏనాడూ లోటు లేదు. పెళ్లిబట్టలు కొనాలన్నా, నగలు చేయించాలన్నా చేతిసంచి పట్టుకొని ప్రొద్దుటూరు బస్సెక్కుతుంది. పులివెందులలో ఉన్న మా అక్కను చూడాలనిపిస్తే ముద్దనూరు మీదుగా వెళ్లి సాయంత్రానికి తిరిగివస్తుంది. "పోనా?" అని ఎవరినీ అడగదు. "పోయొస్తా" అని చెబుతుంది, అంతే.

అటువంటి అమ్మ అమెరికాలో మా తమ్ముని ఇంట మూడు వారాలు ఉన్నది. డల్లాస్ నగర శివారులో చక్కని ఇల్లు. ఇంటిముందు అద్దంలాంటి దారి. కాని తమ్ముడు, మరదలు ఉద్యోగాలకు వెళ్లిన తరువాత అమ్మకు కిటికీయే లోకమయింది. కూరగాయల అంగడి ఆరు వరుసల రహదారికి ఆవల ఉంది. నడిచిపోవడానికి కాలిబాట లేదు. బస్సు ఆ వీధికి రాదు. గుడికి పోవాలన్నా, తోటి తెలుగువారిని పలకరించాలన్నా ఆదివారం దాకా ఆగాలి. ఒకనాడు అమ్మ, "ఇక్కడ అన్నీ ఉన్నాయి నాయనా, నాకు కాళ్లే లేవు" అన్నది. ఆ మాట మా తమ్ముని ఎంతగా నొప్పించిందో నాకు తెలుసు. తల్లికి ఏ లోటూ రానీయకూడదని తపించేవాడు అతడు. తప్పు అతనిది కాదు, ఆ ఊరి నిర్మాణానిది.

అమెరికా మొదటినుంచీ అలా లేదు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో అక్కడి నగరాలలో ట్రాములు విరివిగా తిరిగేవి. క్రమంగా అవి తగ్గాయి. 1956లో చేసిన చట్టంతో దేశమంతటా మహారహదారులు విస్తరించాయి. ఊళ్లు కారును దృష్టిలో ఉంచుకొని పెరిగాయి. న్యూయార్క్, షికాగో వంటి నగరాలలో నేటికీ రైళ్లు జనాన్ని మోస్తున్నాయి గాని, శివార్లలో కారు లేనివారికి కదలిక లేదు. కారు చెడ్డదని నా అభిప్రాయం కాదు. పసిపిల్లలతో, సామానుతో దూరప్రాంతాలకు వెళ్లినప్పుడు అది మాకెంతో సుఖమిచ్చింది. అయితే కారు ఉండడం సౌకర్యం. కారు లేకపోతే బ్రతకలేకపోవడం మాత్రం బంధనం.

తిరుగు ప్రయాణంలో స్విట్జర్లాండులో అయిదు రోజులు ఆగాము. జూరిక్ నుంచి లూసెర్నుకు రైలులో వెళ్లాము. ఆ దేశంలో 1982 నుంచి ఒక పద్ధతి అమలులో ఉంది. ప్రతి మార్గంలోనూ రైళ్లు గంటగంటకూ అదే నిమిషానికి బయలుదేరేటట్లు సమయపట్టిక రూపొందించారు. ఒక రైలు దిగేవేళకు మరొక రైలో, బస్సో అందుతుంది. రైలు పోని కొండపల్లెలకు తపాలాసంస్థ వారి పసుపుపచ్చ బస్సులు పోతాయి. ఒకప్పుడు ఉత్తరాలను, మనుషులను గుర్రపుబండ్లలో చేరవేసిన ఆ సంస్థ 1906లోనే మోటారు బస్సులను ప్రవేశపెట్టింది.

మా అమ్మకు ఆంగ్లం రాదు, జర్మను అసలే రాదు. కాని అంకెలు వచ్చు. స్టేషనులోని పలకమీద రైలు వేళ, ప్లాట్‌ఫారం సంఖ్య చూపితే ఆమెకు చాలు. మూడవనాడు పదేళ్ల మనవణ్ణి వెంటబెట్టుకొని, సరస్సు ఒడ్డున ఉన్న పక్క ఊరికి రైలులో వెళ్లి వచ్చింది. దారి పొడవునా నాకు ఆందోళనే. ఆమె ముఖంలో మాత్రం ప్రొద్దుటూరుకు పోయి వచ్చినప్పటి నిబ్బరమే కనిపించింది. భాష తెలియని దేశంలో ఆమెకు మళ్లీ కాళ్లు వచ్చాయి.

"అది సంపన్న దేశం, చిన్న దేశం, మనకు సాధ్యమా?" అని కొందరు అడగవచ్చు. ఆ దేశం 57 కిలోమీటర్ల గొట్టార్డ్ రైలు సొరంగాన్ని 2016 జూన్‌లో ప్రారంభించింది. అదే సంవత్సరం ఆగస్టులో మన నంద్యాల–ఎర్రగుంట్ల మార్గం పూర్తిగా ప్రారంభమైంది. మద్రాసు, బొంబాయి రైలుమార్గాలు 1871లో రాయచూరు వద్ద కలిశాయి. ఆ మార్గం మన ఎర్రగుంట్ల, ముద్దనూరుల మీదుగానే పోతుంది. అయినా కూతవేటు దూరంలో ఉన్న ప్రొద్దుటూరుకు, జమ్మలమడుగుకు రైలు రావడానికి ఇరవై ఒకటవ శతాబ్దం రావలసి వచ్చింది. పులివెందులకు నేటికీ రైలు లేదు. అక్కడివారు ముద్దనూరుకో, కడపకో పోయి రైలెక్కవలసిందే.

సొరంగాలకు, కొత్త మార్గాలకు వేల కోట్లు కావాలి, నిజమే. కాని రైలు వచ్చే వేళకు స్టేషను ముందర బస్సు ఉండడానికి అంత ధనం అక్కరలేదు. రైలు వేళను బస్సు వేళతో ముడివేసే శ్రద్ధ చాలు. ఆ ముడి లేనిచోట రాత్రివేళ రైలు దిగిన ముసలివారు బాడుగ కారుకు అడిగినంత ఇచ్చుకోవలసిందే, లేదా తెల్లవారేదాకా బల్లమీద కూర్చోవలసిందే. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో స్త్రీలకు పల్లెవెలుగు మొదలైన బస్సులలో ఉచిత ప్రయాణం మొదలయింది. మంచి పనే. అయితే ఉచితమైన టికెట్టు సార్థకం కావాలంటే, అవసరమైన వేళకు బస్సు కూడా రావాలి.

మన దగ్గరకు వచ్చేవారి వైపునుంచి కూడా ఆలోచించాలి. గండికోట వద్ద పెన్నానది చెక్కిన లోయను చూడడానికి దేశవిదేశాల నుంచి యాత్రికులు వస్తున్నారు. వారిలోనూ ముసలితల్లులు ఉంటారు. జమ్మలమడుగు స్టేషనులో దిగిన ఒక పరదేశపు తల్లి, మన భాష రాకపోయినా, అంకెలను మాత్రమే చూసి కోటకు పోయి తిరిగి రాగలదా? రాగలిగిన నాడు మనం అభివృద్ధి చెందామని ధైర్యంగా చెప్పుకోవచ్చు.

విద్యార్థులారా! రేపు మీరు ఉద్యోగాలు చేస్తారు, కార్లు కొంటారు. సంతోషమే. మీలో కొందరు ఇంజనీర్లై దారులు వేస్తారు, అధికారులై సమయపట్టికలు తయారుచేస్తారు. ఆనాడు కారు నడిపే మిమ్మల్ని మాత్రమే తలచుకొని ఊరికి రూపకల్పన చేయకండి. చేతిసంచి పట్టుకొని బస్టాండులో నిలబడ్డ మీ అవ్వను కూడా తలచుకోండి. ఎవరినీ అడగకుండా "పోయొస్తా" అని ఆమె చెప్పగలిగే ఊరే స్వాతంత్ర్యం గల ఊరు.