ఒకే నిషేధము, వేర్వేరు పంక్తులు

2024 ఫిబ్రవరి 13వ తేదీన స్ట్రాస్‌బర్గు నగరమందలి ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము ఒక తీర్పు వెలువరించినది. పశువును ముందుగా స్పృహ తప్పింపక వధింపరాదని బెల్జియము దేశపు ఫ్లాండర్సు, వలోనియా ప్రాంతములు చేసికొనిన శాసనములు మతస్వాతంత్ర్యమునకు భంగకరములు కావనుట ఆ తీర్పు సారాంశము. తీర్పుకన్నను ఆలోచింపదగినది వాదుల పట్టిక. పశ్చిమాసియా రణరంగపు వార్తలలో నిత్యము ఎదురుబొదురుగా కనబడు రెండు మతములవారు, యూదులును ముస్లిములును, అచ్చట ఒకే పక్షమున నిలిచి, ఒకే కత్తి కొఱకు వాదించిరి. దీనిని చూచిన పాఠకునకు, పందియు రక్తమును ఉభయులకును నిషిద్ధములే గదా, కంఠము కోసి వధించుట ఉభయులకును విధియే గదా, ఇక భేదమేమున్నదని తోచుట సహజము. కాని నిషేధముల పట్టికలను రెంటిని పక్కపక్కన పఱచి లెక్కించినంత మాత్రమున ఈ విషయము తేలదు. ఆ నియమములు ఎవరి కొఱకు ఏర్పడినవి, ఎవరిని ఏ పంక్తిని కూర్చుండబెట్టుటకు ఏర్పడినవి అని విచారించినపుడే వాని పోలికయు, వాని వైషమ్యమును బోధపడును.

యూదుల ఆహారధర్మమునకు మూలము తోరా. అందలి లేవీయకాండము 11వ అధ్యాయమును, ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయమును ఈ విషయమున పరమప్రమాణములు. భూచరములలో డెక్క నిలువున చీలియుండుటయు, నెమరు వేయుటయు అను రెండు లక్షణములును గలవియే భక్ష్యములు. ఒక్కటి యున్నను చాలదు. నెమరు వేయుచున్నదని ఒంటెను, కుందేలును, డెక్క చీలినదని పందిని తినబోవువారు పొరపడకుండుటకై ఆ గ్రంథము వానిని పేరు పేరున ఎత్తి నిషేధించినది. కావున ఆ పట్టికలో పంది పలువురిలో ఒకటియే గాని ఏకైక దోషి కాదు. క్రీ.పూ. 2వ శతాబ్దమున నాల్గవ ఆంటియోకసు రాజు యూదులచే బలిమిని పందిమాంసము తినిపింపబూని, తిననివారిని చంపించెనని మక్కబీయుల గ్రంథము చెప్పుచున్నది. తినకుండుట విశ్వాసమునకు గుఱుతుగా మారినది అట్టి హింసల నడుమనే.

జలచరములలో పొలుసులును వాజములును రెండును గలవి మాత్రమే గ్రాహ్యములు. మన చెఱువుల భాషలో చెప్పవలెనన్న, బొచ్చె, శీలవతి, పులస యూదుని కంచములోనికి రాగలవు. వాలుగ, జెల్ల, రొయ్య, పీత రాలేవు. కొంకణ తీరమున నూనెగానుగలు ఆడించుకొనుచు, శనివారము పని మానుటచే ‘శనివార్ తేలీ’లని పేరొందిన బెనె ఇస్రాయేలు వారిని గూర్చి ఒక ఐతిహ్యము కలదు. దావీదు రహబీ యను యూదుడు వారి పుట్టుపూర్వోత్తరములను పరీక్షింపదలచి, పలురకముల చేపలను కలగలిపి వారి స్త్రీలకు వండుటకు ఇచ్చెననియు, ఆ స్త్రీలు పొలుసులు లేనివానిని ఏరి పక్కకు నెట్టిరనియు, అంతట వీరు తనవారే యని అతడు నిశ్చయించెననియు చెప్పుకొందురు. హీబ్రూ భాషను మఱచిన జనము చేప పొలుసును మఱువలేదు.

మేకపిల్లను దాని తల్లిపాలలో వండరాదను ఆజ్ఞ తోరాలో మూడు తావుల కనబడును. ఆ మూడింటిని చూపి రబ్బీలను యూద ధర్మపండితులు వండుట, తినుట, దానివలన లాభము పొందుట అను మూడు నిషేధములను రాబట్టి, క్రమముగా మాంసమునకును పాడికిని నడుమ పెద్ద గోడనే కట్టిరి. ఆచారపరుల ఇంట మాంసపు గిన్నెలు వేఱు, పాలగిన్నెలు వేఱు. కత్తులు, గరిటెలు, కడుగు తొట్లు కూడ వేఱు. మాంసము తినిన పిమ్మట పాడి ముట్టుటకు పెక్కుమంది ఆఱు గంటలు ఆగుదురు. జర్మను సంప్రదాయమువారు మూడు గంటలు, డచ్చివారు ఒక గంట ఆగుదురు. పూర్వము మన మడిగిన్నెను ముట్టిన కోడలు ఎంత జంకెడిదో, పాలగరిటె మాంసపు పులుసులో పడినపుడు ఆ గృహిణియు అంత జంకి రబ్బీని అడుగబోవును. లోహపాత్రయైనచో సలసల కాగు నీట శుద్ధి చేయవచ్చును. మట్టిపాత్రకు శుద్ధి లేదు. మైలపడిన కుండను పెరటి బయట పారవేసిన మన ముత్తవ్వలకు ఈ విధి వింత కాబోదు.

ఈ నియమములకు హేతువేమి? 12వ శతాబ్దమున మిసరు దేశమున వైద్యుడై, అరబ్బీ భాషలో తత్త్వగ్రంథము రచించిన యూద పండితుడు మైమొనిడీసు, నిషిద్ధాహారములు దేహమునకు హానికరములనియు, పంది మురికిని మెక్కు జంతువనియు వాదించెను. ఆ వాదము నేటికిని పలువురకు ప్రియమైనదే గాని, మూలగ్రంథము వైద్యమును తడవలేదు. భక్ష్యాభక్ష్యములను మీరు వేఱుచేయుడు, నేను మిమ్ము ఇతర జనములనుండి వేఱుచేసితిని అను భావమును లేవీయకాండము 20వ అధ్యాయము జంటగా ముడివేసినది. జంతువుల నడుమ గీత గీయుట జనముల నడుమ గీత గీయుటకు అభ్యాసము. అందువలననే ఆ ధర్మము అన్యులు కోషెరు, అనగా యూదధర్మవిహితమైన ఆహారమునే, తినవలెనని ఎన్నడును కోరలేదు. నోవహు సంతతియగు మానవులకెల్ల, మాంసాహార విషయమున, బ్రదికియున్న జంతువునుండి కోసిన మాంసము తినరాదను ఒక్క నియమముతో సరిపెట్టినది.

ఇస్లాముయొక్క దృష్టి వేఱు. అచ్చట వస్తువులన్నియు స్వభావముచే అనుమతింపబడినవే యనియు, నిషేధమునకే ప్రమాణము చూపవలెననియు ధర్మవేత్తల సూత్రము. ఖురాను పలుమాఱు ఎత్తి చెప్పిన నిషేధములు నాలుగు: తనంత చచ్చినది, పాఱిన రక్తము, పందిమాంసము, అన్యదైవము పేర అర్పింపబడినది. గొంతు నులుమబడి, దెబ్బ తిని, ఎత్తునుండి పడి, కొమ్ముపోటు తిని, క్రూరమృగము వాతబడి చచ్చినవి 5వ అధ్యాయమున మొదటిదానికి వివరణముగా చేరినవి. కోఱలుగల మృగములు, గోళ్లతో వేటాడు పక్షులు, పెంపుడు గాడిద మొదలైనవాని నిషేధము ప్రవక్త సూక్తులగు హదీసుల ద్వారా వచ్చినది. ఇన్ని చెప్పి, ఆకలిచే ప్రాణము మీదికి వచ్చినవాడు, కోరికచేత గాక, హద్దు మీఱక తినినచో దోషము లేదని ఆ వాక్యములే ముగించుచున్నవి. ప్రాణరక్షణకై ఆహారనియమమును మీఱవచ్చునని యూదధర్మమును అంగీకరించును. కాని ఖురాను ఆ మినహాయింపును నిషేధము పక్కనే, అదే ఊపిరిలో పలికినది.

ఈ రెండవ ధర్మము మొదటిదానిని ఎఱుగక పుట్టినది కాదు. మదీనాలో ప్రవక్తకు యూదులు ఇరుగుపొరుగువారు. ఖురాను 6వ అధ్యాయము, యూదులకు చీలని గోరుగల జంతువులును, ఆవు గొఱ్ఱెల కొవ్వును నిషేధింపబడినవని ప్రస్తావించి, అది వారి అతిక్రమమునకు ప్రతిఫలమని వ్యాఖ్యానించినది. యూదుల మూలపురుషుడగు ఇస్రాయేలు తనకుతాను కొన్నిటిని మానుకొనెనని 3వ అధ్యాయము చెప్పగా, అవి ఒంటెమాంసమును ఒంటెపాలును అని వ్యాఖ్యాతలు పెక్కుమంది వివరించిరి. యూదుడు దేని చేత తనను పవిత్రుడని తలచెనో దానినే ఇస్లాము ఒక జనముపై మోపబడిన బరువుగా చదివి, ఆ బరువును దింపితినని చెప్పుకొన్నది.

దింపినదానికి సాక్షి ఒంటె. ఎడారివాసికి వాహనమును, పాలును, మాంసమును తానేయైన ఆ జంతువు యూదునకు అభక్ష్యము, ముస్లిమునకు భక్ష్యమే గాక బలిపశువు కూడ. ఎత్తినదానికి సాక్షి మద్యము. శుక్రవారపు రాత్రి యూదగృహస్థు ద్రాక్షాసవపు పాత్రను చేతబట్టి ఆశీర్వచనము పలికి విశ్రాంతిదినమగు సబ్బాతును ఆహ్వానించును. అదే ద్రాక్షాసవమును ఖురాను మెట్టుమెట్టుగా, మొదట లాభముకన్న పాపము మిన్నయనియు, పిమ్మట మత్తులో నమాజునకు రావలదనియు, తుదకు పూర్తిగా విసర్జింపుడనియు నిషేధించినది. అయినను యూదునకు ద్రాక్షాసవము ఎవరు చేసినను తగునని భ్రమపడరాదు. అన్యులు తీసి తాకినది వారి దేవతార్చనతో ముడిపడునను శంకచే యూదుల చేతిమీదుగా తయారైనదే కావలెనని నియమము. ఇచ్చట నిషేధము పానీయముమీద లేదు, పంక్తిమీద ఉన్నది.

ఇస్లాములో అందఱిదియు ఒకే మాటయని తలపరాదు. షాఫీ, మాలికీ శాఖలవారు సముద్రజీవులను ఇంచుమించు అన్నిటిని అనుమతింతురు. భారతదేశమున అధికసంఖ్యాకులైన హనఫీలు చేపను మాత్రమే గ్రహింతురు. రొయ్య చేపయా కాదా యని వారిలో పండితచర్చ చిరకాలముగ సాగుచున్నది. షియా ధర్మశాస్త్రము పొలుసుగల చేపనే అంగీకరించి, రొయ్యకు మాత్రము మినహాయింపు నిచ్చును. హైదరాబాదు పాతబస్తీలో వాలుగను మానిన షియా గృహిణియు, కొంకణములో దానిని ఏరివేసిన యూదస్త్రీయు, ఒకరినొకరు ఎఱుగకయే ఒక్క పని చేసినవారైరి.

ఇక వధ. యూదులలో ఈ పని షోహెటు అను శిక్షితునిది. అతని కత్తి మొన లేక నిడుపుగ, పశువు మెడకు రెండింతలకు తక్కువ గాని పొడవుతో ఉండును. కోయుటకు ముందును పిమ్మటను అతడు వాదర వెంట వ్రేలిని, గోటిని నడిపి చూచును. గోటికి తగిలీ తగులనంత గంటున్నను ఆ కత్తితో కోసినది పనికిరాదు. కోత నడుమ ఆగుట, నొక్కుట, చీల్చుట ఏది జరిగినను మాంసము నిషిద్ధమగును. పిమ్మట ఊపిరితిత్తులను తడవి, ఊది, గాయపు జాడలు వెదకుదురు. తొడలోని పెద్ద నరమును, కొన్ని తావుల కొవ్వును తొలగింతురు. వంటింటికి చేరిన మాంసమును అరగంట నీట నానవేసి, గంటసేపు ఉప్పు పట్టించి, మూడుమాఱులు కడిగి మిగిలిన రక్తమును వెడలింతురు. కాలేయము రక్తమయమగుటచే దానిని నిప్పుమీద కాల్చవలసినదే.

ముస్లిములలో బుద్ధి తెలిసిన విశ్వాసి యెవడైనను, స్త్రీయైనను, వధింపవచ్చును. శ్వాసనాళము, అన్నవాహిక, మెడయందలి రక్తనాళములు తెగవలెను. కత్తి పదునుగా ఉండవలెను, దానిని పశువు కంటబడునట్లు నూరరాదు. షోహెటు ఒక విడతకు ఒకమాఱు ఆశీర్వచనము పలుకగా, ముస్లిము ప్రతి పశువుపైనను దైవనామము ఉచ్చరించును. పాఱిన రక్తమే నిషిద్ధము గనుక మాంసమున అంటియుండు రక్తమునకు ఉప్పుతో పని లేదు. ఒకచో కత్తి వాదరయు, మాంసపు ప్రతి నరమును పరీక్షకు లోబడును. మఱియొకచో ప్రాణమును ఇచ్చినవాని పేరు ఎత్తక ప్రాణము తీయరాదనుట ముఖ్యము. ఇట్లు సులభమగుటచే హలాలు పంక్తి దాటి కూడ పోగలదు. తెలంగాణ పల్లెలలో పలుచోట్ల హిందువుల ఇంటి దావతుకు మేకను కోయవలసివచ్చినపుడు ముల్లాను పిలిపించి హలాలు చేయించు వాడుక కలదు. తినువాడు ఎవడన్న ప్రశ్న ఆ కత్తికి లేదు.

గ్రంథము గలవారి ఆహారము మీకు ధర్మ్యమే యని ఖురాను 5వ అధ్యాయము చెప్పుటచే, పరదేశమున హలాలు దొరకని ముస్లిములు కొందఱు కోషెరు ముద్ర వెదకికొందురు, ద్రాక్షాసవము కలిసిన వంటకములను మాత్రము విడిచిపెట్టి. యూదుడు హలాలు దుకాణమునకు ఆ విధముగా పోజాలడు. పశువు అదే, కోత ఇంచుమించు అదే, కాని కోసినవాడు షోహెటు కాడు. ఒకవైపు మాత్రమే తెఱచుకొను ఈ తలుపున రెండు ధర్మముల తేడా అంతయు ఇమిడియున్నది.

ఐరోపాలో ఈ ధర్మములపై తగవు క్రొత్తది కాదు. 1893లో స్విట్జర్లాండు ప్రజలు ఓటు వేసి, స్పృహ తప్పింపక వధించుటను రాజ్యాంగముననే నిషేధించిరి. జంతుకరుణ పేర జరిగిన ఆ ఉద్యమమున యూదద్వేషపు పాలు తక్కువది కాదు. 1933 ఏప్రిలులో, అధికారమునకు వచ్చి మూడు నెలలైనను నిండకయే, నాజీ ప్రభుత్వము అట్టి శాసనమునే చేసినది. కావున బెల్జియము శాసనమును జంతుసంరక్షకులు ఎంత చిత్తశుద్ధితో సమర్థించినను, యూదుల చెవికి అందు పాత ధ్వని వినబడుటలో ఆశ్చర్యము లేదు. కోతచే పశువు అనుభవించు వేదనను తగ్గింపవలెననుట న్యాయమైన కోరికయే. ఆ కోరిక మతాచారముకన్న బరువైనదా యని తూచు త్రాసు ఎవరి చేత ఉండవలెననుటయే వివాదము.

స్ట్రాస్‌బర్గు తీర్పునకు ముందే, 2020 డిసెంబరు 17న, ఐరోపా సమాఖ్య న్యాయస్థానము ఫ్లాండర్సు శాసనమును నిలబెట్టుచు ఒక మధ్యేమార్గమును చూపినది: పశువును చంపక, తిరిగి తెలివి వచ్చునట్టి విద్యుదాఘాతముతో స్పృహ తప్పించి, పిమ్మట కోయవచ్చును, బయటి దేశములనుండి మాంసము తెప్పించుకొనుటకు అడ్డు లేదు. ఈ మార్గము కాగితముమీద ఇరువురకును సమానమే. కాని ముస్లిముల ప్రశ్న, పశువు కత్తి సోకునప్పటికి బ్రదికియున్నదా, దైవనామము పలుకబడినదా యని గనుక, అట్టి ఆఘాతమును ఒప్పుకొనిన ధర్మవేత్తలు వారిలో పలువురు కలరు. న్యూజిలాండునుండి ఎగుమతియగు హలాలు మాంసము ఈ విధానముననే తయారగుచున్నది. ఒప్పనివారును కలరు, కాని అది వారిలో వారికి గల అభిప్రాయభేదము. కత్తికి ముందు పశువు అక్షతముగ ఉండవలెనను యూదధర్మమునకు ఈ మార్గమున చోటు లేదు. ఆచారపరులైన యూదులు వేలకొలది నివసించు ఆంట్వెర్పు నగరమున నేడు కోషెరు మాంసము దుకాణములకు వెలుపలినుండి రావలసినదే. స్ట్రాస్‌బర్గు న్యాయస్థానమున పక్కపక్కన నిలిచి ఒకే అభ్యర్థనమును వినిపించిన ఇరువురిలో, తీర్పు వెలువడిన మఱునాడు ఒకనికి చర్చించుకొనుటకు తన ధర్మవేత్త మిగిలెను. రెండవవానికి వెలుపలినుండి వచ్చు మాంసము మాత్రమే మిగిలెను.